బెల్లం తిన్న ల్యాప్‌టాప్

శ్రావణంలో ముసురు పట్టిన ఒక పొద్దున, చీర అంచు కోసం గీస్తున్న తంగేడు పువ్వుకు ఆఖరి రేకు పెట్టబోతుండగా ల్యాప్‌టాప్ ఆరిపోయింది. కరెంటు పోయిందేమో అనుకుని పైకి చూశాను. ఫ్యాను తన మానాన తాను తిరుగుతోంది. చార్జర్ పిన్ను పట్టుకుని అటూ ఇటూ కదిపాను. తెర ఒక్కసారి వెలిగి, నా మొహం చూసి, మళ్లీ ఆరింది. ఇంకొంచెం కదిపితే పిన్ను దూర్చే బొడిపె కాస్తా లోపలికి జారిపోయి, పెట్టెలో ఏదో గలగలమంది. నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

దీనికింత గుండెలు బాదుకోవడం ఎందుకని మీకు అనిపించవచ్చు. సిరిసిల్లలో పవర్‌లూమును సాంచా అంటాం. మాకున్నది ఒకే ఒక్క సాంచా. మామూలు తెల్లగుడ్డ నేసేది కాదు, చీర అంచు మీద పువ్వులు నేసేది. దాని నెత్తిన జాకార్డు పెట్టె ఒకటి కూర్చుని ఉంటుంది. ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో చెప్పేది అదే. దానికి చెప్పేది నేను. నేను ల్యాప్‌టాప్‌లో పువ్వు గీసి, వెడల్పాటి పాత కేబులుతో పంపిస్తే, అది పోగులు లేపుతుంది, మా ఆయన నేస్తాడు. ఇప్పటి ల్యాప్‌టాపులకు ఆ కేబులు పట్టే చోటే లేదు. పైగా దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, చార్జర్ ఉంటేనే ఊపిరి. అది ఆగితే సాంచా ఆగినట్టే. బతుకమ్మ పండుగకు నేసివ్వాల్సిన చీరలు సగం కూడా కాలేదు.

ఆ ల్యాప్‌టాప్ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు. కాగజ్‌నగర్‌లో పాత సామాన్ల దుకాణం నుంచి మా అన్న తెచ్చి ఇచ్చాడు. గనుల్లోనూ అడవుల్లోనూ పనిచేసేవాళ్ల కోసం చేసిందట. ఇటుక మందం, మూలలకు రబ్బరు, మోసుకుపోవడానికి పిడి. కింద పడ్డా ఏమీ కాదని, దుమ్ము పట్టదని చూపించడానికి మా అన్న దాన్ని అరుగు మీది నుంచి కిందికి వదిలాడు కూడా. సాంచా గదిలో దూది నూగు ఎప్పుడూ గాలిలో తేలుతూనే ఉంటుంది. వెలుతురు పడ్డ చోట అది నెమ్మదిగా పైకి లేస్తూ కనిపిస్తుంది. ఆ నూగులో, ఆ దడదడ చప్పుడులో మామూలు ల్యాప్‌టాప్ ఏడాది కూడా ఆగదు. ఇది ఏళ్ల తరబడి ఆగింది. దాని ముందు కూర్చుంటే నాకు ఇల్లూ పొయ్యీ గుర్తుండేవి కావు. ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడేదాకా పువ్వుల్లోనే ఉండేదాన్ని. పగటి కలలు కనే కోడలు దొరికిందని మా అత్తమ్మ వాడంతా చెప్పుకునేది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మా ఆయనకు నోట్లో నాలుక ఉండదు. కోపమొచ్చినా దుఃఖమొచ్చినా బనీను మీద చొక్కా తొడుక్కుని బయటికి నడుస్తాడు, అంతే. ఆ రోజు కూడా అలాగే వెళ్లాడు. ల్యాప్‌టాప్‌ను సిరిసిల్లలో దుకాణాలన్నీ తిప్పి చూపించాడు. ఇది ఏ కాలం నాటిదని ఒకరు నవ్వారు, పాత ఇనుము కింద అమ్ముకొమ్మని ఇంకొకరు సలహా ఇచ్చారు. సాయంత్రం తడిసి ఇంటికొచ్చి, తల తుడుచుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు.

"శుక్రారం బస్సుకు భీవండి పోత. మేస్త్రీకి మాటిచ్చిన."

వాకిట్లో కండెలు చుడుతున్న అత్తమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది. మా ఇంట్లో భీవండి అన్న మాట ఎవరూ అనరు. సిరిసిల్ల నుంచి, కూలికి మనుషుల్ని కుదిర్చే మేస్త్రీల వెంట రాష్ట్రం దాటి, అక్కడి సాంచాల మీద పనికి పోయినవాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు. కొందరు పండుగలకు వస్తారు, కొందరు అక్కడే ఉండిపోతారు. మా మామ ఎటూ కాకుండా పోయాడు. మా ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు మామ భీవండి బస్సెక్కాడట. మొదట్లో ఫలానా చోట పని చేస్తున్నాడని ఎవరి ద్వారానో కబురొచ్చింది, తర్వాత ఆ కబురూ ఆగింది. పోయాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ చెప్పలేదు. అందుకే అత్తమ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. తండ్రి ఊసెత్తితే మా ఆయన చొక్కా తొడుక్కుంటాడు. మీ బాపు ఉరికిపోయిండు అని, అంటే పారిపోయాడని, బడిలో పిల్లలు అనేవారని పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడు, మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

నేను ఊరుకుంటానా. సాంచా నీదేనా, గీసేది నేను కాదా, నన్నడగకుండా మాటెట్లా ఇస్తావని ఇల్లు పీకి పందిరేశాను. అంతా విని, ఖాళీగా కూర్చుని తినడం తన వల్ల కాదన్నాడు. శుక్రవారం లోపల అది బాగైతే అప్పుడు చూద్దామన్నాడు. ఆ మాట ఒక్కటే నేను పట్టుకున్నాను. కరీంనగర్ బస్టాండు వెనక సందుల్లో పాత ల్యాప్‌టాపులు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. గురువారం తెల్లవారగానే ల్యాప్‌టాప్‌ను పాత దుప్పట్లో చుట్టి, చార్జర్ సంచిలో వేసుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను.

కిటికీ అవతల వాన లేదు, వాన లేకుండానూ లేదు. తుంపర గాలిలో ఆగి ఉంది. మానేరు నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్లేవో ఆకాశమేదో తెలియలేదు. రెండూ కడిగిన సున్నం రంగులో ఉన్నాయి, మధ్యలో ఒక కొంగ ఎటూ పోకుండా నిలబడి ఉంది. మా ఆసిఫాబాద్ వైపు వానొస్తే టేకాకుల మీద పడే చప్పుడుకే నిద్ర పట్టేది. నిద్రకు చప్పుడు కావాలి నాకు. ఇక్కడికి కోడలిగా వచ్చాక మా సాంచా చప్పుడే ఆ వాన అయింది. అది ఆగిపోయిన ఈ నాలుగు రోజులూ నాకు కునుకు లేదు. బస్సు ఊగుతుంటే కళ్లు మూతపడ్డాయి. ఒళ్లో ల్యాప్‌టాప్ నిద్రపోతున్న పసిపిల్లంత బరువుగా ఉంది.

ఆ మగతలో మా మామ నా పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. నేనెప్పుడూ చూడని మనిషి. అత్తమ్మ దగ్గరున్న ఒకే ఒక ఫోటో తేమ పట్టి, మొహం ఉన్నచోట తెల్లటి మరక మిగిలింది. అయినా ఆయనే అని నాకు తెలుసు. చేతిలో సంచి ఉంది. ఎటు పోతున్నారని అడగబోయాను. ఆయన నా ఒళ్లోని మూటను చూస్తూ ఉన్నాడు. కండక్టర్ బస్టాండు అని అరిచేసరికి పక్కన ఎవరో ముసలామె తమలపాకుల బుట్టతో కూర్చుని నన్నే చూస్తోంది.

దుకాణం అంటే దుకాణం కాదు, రెండు గోడల మధ్య రేకు కప్పు. కప్పు అంచు నుంచి నీళ్లు దారంలా కారుతున్నాయి. లోపల చచ్చిన ల్యాప్‌టాపులు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య, గోరింట పెట్టిన గడ్డంతో, నుదుటి మీదికి తోసుకున్న కళ్లద్దాలతో ఒక పెద్దాయన చాయ్ తాగుతున్నాడు. నేను దుప్పటి విప్పగానే పిడి పట్టుకుని పైకెత్తి, బరువు చూసి, గీ పహిల్వాన్‌ను ఏడికెల్లి తెచ్చినవ్ బిడ్డా అని నవ్వాడు. చార్జర్ పెట్టి చూశాడు, ఊపి గలగల విన్నాడు. నవ్వు పోయింది. ఈ రకానికి సామాను రాదు, చేసినా నిలవదు, తీసుకుపొమ్మన్నాడు.

నేను లేవలేదు. చాచా, ఇది బాగుకాకుంటే మా ఆయన రేపు భీవండి బస్సెక్కుతడని చెప్పాను. సాంచా సంగతి చెప్పాను, అత్తమ్మ సంగతి చెప్పాను. చెప్తుంటే నాకే తెలియకుండా గొంతు పెద్దదైంది. ఎదురుగా టీ కొట్టు దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగారు. ఆయన వాళ్లను చూసి, నన్ను చూసి, గ్లాసు పక్కన పెట్టి స్క్రూడ్రైవర్ తీశాడు.

అడుగు పలక ఊడగానే ఒక వాసన వచ్చింది. కాలిన వాసన కాదు. పండుగ వాసన. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు పీల్చాడు, నాకూ ఇచ్చాడు. పిన్ను దూరే చోటంతా నల్లగా జిగురు గడ్డకట్టి ఉంది. చిమ్టా అనే సన్నటి పట్టకారుతో గీకితే పెళుసుగా ఊడివచ్చింది. అందులో ఎర్రచీమలు, ఎండిపోయి, ఎక్కడివక్కడే అతుక్కుని ఉన్నాయి. గీకి, వేలి మధ్య నలిపి, వెలుతురులో చూశాడు.

"దీనికి షుగర్ ఉన్నది బిడ్డా. బెల్లం దిన్నది."

కడుపుబ్బ నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. అది ఎవరి చేతి పనో నాకు అర్థమైంది. దసరాకు మేం సాంచాను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టి, బెల్లం నైవేద్యం పెడతాం. ఏడాదంతా అన్నం పెట్టేదానికి ఆ ఒక్కరోజు మనం పెట్టాలంటుంది అత్తమ్మ. ల్యాప్‌టాప్ మూత మీద ఆమె బొట్టు పెట్టడం నేను చూశాను. పిడికి బంతిపువ్వు కట్టడం చూశాను. ఆ తర్వాత నేను వంటింట్లోకి పోతే, ఆమె ఒక్కతే అక్కడ ఇంకేం చేసేదో చూడలేదు. నేను చాచాకు ఇదంతా చెప్తే ఆయన ఎగతాళి చేయలేదు. తమ ఇంటివాళ్లూ ప్రతి శుక్రవారం, జుమ్మా నాడు, ఈ సామాన్లన్నిటికీ ఊదు పొగ వేసి, పొగ పట్టించి పట్టించి ఆయన చేత దగ్గిస్తారట. ఇంటివాళ్ల ప్రేమతోనే తన సగం గిరాకీ నడుస్తోందన్నాడు.

తర్వాత భూతద్దం నా చేతికిచ్చి లోపల చూడమన్నాడు. బెల్లం గడ్డకట్టి చిల్లు ఇరుకైంది. పిన్ను నిండా దూరక, దూర్చినప్పుడల్లా మా ఆయన బొటనవేలితో గట్టిగా నొక్కేవాడు. నొక్కీ నొక్కీ కింద అతుకు వదిలేసింది. వదిలేసి ఊరుకోలేదు, బోర్డు మీద దాన్ని పట్టుకుని ఉండే సన్నటి రాగి రేకును కూడా లేపుకుని వచ్చేసింది.

"అతుకుదామంటే కింద జాగనే లేదు. రాగి లేసిపోయింది," అని చాచా చేతులు దులుపుకున్నాడు.

లేచి వెళ్లాలంటే ఎక్కడికి వెళ్లాలి. భూతద్దం ఇంకా నా చేతిలోనే ఉంది. ఊరికే దానిలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆకుపచ్చ బోర్డు మీద బంగారు గీతలు. ఒకటి తిన్నగా పోయి, మలుపు తిరిగి, ఇంకోదాని పక్కన నడిచి, ఒక చుక్కలో మునిగి మరెక్కడో తేలుతోంది. ఎంత అందంగా ఉందో. ఇన్నేళ్లూ నేను పైన పువ్వులు గీస్తుంటే కింద ఇంత పెద్ద అంచు ఎవరో గీసి పెట్టారని నాకు తెలియదు. పచ్చచీర మీద జరీ పోగు వెంట వేలు జరిపినట్టు ఆ గీతల వెంట పోయాను. వాన చప్పుడు దూరమైంది. లేచిపోయిన చోటు నుంచి ఒక లావాటి గీత బయలుదేరి, కొంత దూరం పోయి, ఒక నల్లటి చిన్న బిళ్ల దగ్గర ఆగింది. అక్కడ మళ్లీ రాగి మెరుస్తోంది.

చాచా, ఈ పోగు ఎటు పోతది అని అడిగాను. కరెంటు లోపలికొచ్చే తోవ అదేనని చెప్పాడు. ఆ బిళ్ల దాటినంక బోర్డంతా పంచుకుంటుందట.

"మా సాంచా మీద పోగు తెగితే తెగిన కాడ్నే గుంజి ముడెయ్యం చాచా. ఇంకో పోగు ముక్క తీసుకొని, మంచిగున్న కాడ అతుకుతం. జర వదులు ఉంచుతం. గట్టిగ కడితే మల్ల గాడ్నే తెగుతది."

ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి దింపి, బోర్డును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బోర్డును చూశాడు. గదే సోంచాయిస్తున్న అన్నాడు. నేను కాదనలేదు. ఎవరి ఆలోచనైతేనేం.

ఇక ఆయన మరో మనిషైపోయాడు. దొంతర్లలోంచి చచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి లాగి, దాని బొడిపెను తీగతో సహా పెరికాడు. మా చార్జర్ పిన్నుకు అది సరిగ్గా పట్టింది. స్పిరిట్‌తో బెల్లమంతా కడిగాడు, పాత టూత్ బ్రష్‌తో చీమలను ఊడ్చాడు. చేతులు కొంచెం వణుకుతాయి ఆయనకు. అందుకని తీగ కొసలను చిమ్టాతో పట్టుకోవడం నాకు అప్పగించాడు. తల వెంట్రుకంత పోగులు అతికే వేళ్లు నావి, అవి కదల్లేదు. ఆ నల్ల బిళ్ల పక్కన మెరిసే రాగి మీద సోల్డరింగ్ కడ్డీ ఆనగానే సన్నటి పొగ ఒకటి లేచి, మా ఇద్దరి మొహాల మధ్య తిరిగి, వానలోకి పోయింది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. ఆ పొగలో కాసేపు నాకు శుక్రవారం లేదు, బస్సు లేదు. ఎర్రటి మొన దగ్గర వెండి చుక్క కరిగి, మెరిసి, గట్టిపడింది. రెండో తీగ అతికాక, లోపల కొంచెం వదులు ఉంచి తీగకు ముడి వేయమన్నాడు. బయట ఎవరు ఎంత గుంజినా ఆ గుంజుడు ముడి దగ్గరే ఆగాలి, బోర్డు దాకా పోవద్దు. నేను మా నేతవాళ్ల ముడి వేశాను. గుంజిన కొద్దీ బిగుస్తుంది కానీ జారదు. ఆయన లాగి చూసి మెచ్చుకోలుగా తల ఊపాడు.

మీటరు ముల్లు పెట్టి, ఏది ప్లస్సో ఏది మైనస్సో చూసుకుని, మూత బిగించకుండానే చార్జర్ పెట్టాడు. బిస్మిల్లా అని బటన్ నొక్కాడు. ముందు ఏమీ కాలేదు. నేను కళ్లు మూసుకున్నాను. ఫ్యాను గుయ్యిమన్న చప్పుడు వినిపించాక తెరిచాను. తెర మీద నా పాత పువ్వులన్నీ వరసగా వచ్చాయి. దాచుకోకముందే ఆరిపోయిన తంగేడు ఒక్కటే లేదు. పోతే పోనీ అనుకున్నాను. ఏడుపొచ్చింది, పమిట కొంగుతో తుడుచుకున్నాను. ఎన్నాళ్లుంటుందని అడిగితే, మనం ఎన్నాళ్లుంటమో నువ్వు చెప్పు, అప్పుడు నేను చెప్త అన్నాడు. బెల్లం మాత్రం ఇక మనుషులే తినాలన్నాడు.

వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బస్టాండుకు నడుస్తూ చేశాను, బస్సులో కూర్చుని చేశాను. ఎత్తలేదు. పోయేటప్పుడు అంత మెత్తగా ఉన్న దారి వచ్చేటప్పుడు తల ప్రాణం తోకకు తెచ్చింది. మేస్త్రీ ఒకరోజు ముందే మనుషుల్ని ఎక్కించేశాడేమో అనిపించింది. ఎదురుగా వచ్చే ప్రతి బస్సులోకీ తొంగి చూశాను. అద్దాల వెనక తడిసిన మొహాలు ఒకటి తర్వాత ఒకటి జారిపోయాయి, అన్నీ మా ఆయన మొహాలే.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. గడప పక్కన ఆయన సంచి సర్ది ఉంది. ఆయన సాంచా గదిలో, ఆగిన సాంచాకు నూనె పెడుతున్నాడు. వెళ్లేముందు దాన్ని తుప్పు పట్టకుండా చేసి వెళ్దామనుకున్నాడట. ఫోన్ చొక్కా జేబులో ఉంది, చొక్కా కొయ్యకు ఉంది. తిట్లు తర్వాత అనుకున్నాను. ల్యాప్‌టాప్ తీసి స్టూలు మీద పెట్టాను, కేబులు తగిలించాను, ఉన్న పువ్వుల్లో ఒకదాన్ని పంపాను. పైన జాకార్డు పెట్టె టకటకమంది. దారాలన్నీ ఒక్కసారి లేచాయి. మా ఆయన నన్నొకసారి చూసి సాంచా ఆన్ చేశాడు.

ఆ చప్పుడు గదిలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వాడలోకి పోయింది. నాకు వెంటనే నిద్ర ముంచుకొచ్చింది, నిలబడే తూలాను. జానెడు అంచు నేశాక ఆయన వంగి పువ్వు మీద చేయి వేసి చూశాడు. మంచిగ వచ్చిందన్నాడు. నేను పొంగిపోయేలోపే, అయినా మేస్త్రీకి మాటిచ్చినానని, ఈ అతుకు మళ్లీ ఊడితే పండుగ ముందర ఏం చేస్తామని, ఒక్క సీజను పోయి వస్తానని, సాంచా వైపు చూస్తూ చెప్పాడు. ఇంత దూరం పోయి, ఇంత చేసి తెస్తే. అక్కడే ఉంటే ఏమంటానో అని వాకిట్లోకి వచ్చేశాను.

అత్తమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ఈ రోజంతా ఏమీ తినలేదట. నేను పక్కన కూర్చున్నాను. దారిలో ఆమెను అడగాలనుకున్నవన్నీ, అరవాలనుకున్నవన్నీ ఆ మొహం చూడగానే ఎటో పోయాయి. మెల్లగా, దాని చిల్లులో బెల్లం ఉందత్తమ్మా అన్నాను.

"సాంచాకు పెడ్తం గదా బిడ్డా, దానికి పెట్టొద్దా? కరెంటు తినే నోరు గదే గదా దానికి. నేతిల కలిపి పెట్టిన. నా కొడుకును ఇంటికాడ ఉంచుమని మొక్కిన."

ప్రతి దసరాకూ పెట్టిందట. ఆ బెల్లమే నోరు మూసేసిందని, ఆ నోరు పోవడం వల్లే ఇదంతా అని నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ బెల్లముంటే ఏమైందని ఆమె అడిగింది, నాకు అబద్ధం నోటికి రాలేదు. ఆమె తన రెండు చేతులనూ తిప్పి చూసుకుంది. నా చేతులతోనే గదా బిడ్డా అంది. నేను ఆ చేతులు పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, సాంచా చప్పుడు ఆగి ఉందని. మా ఆయన నూనె చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

చొక్కా కోసం చూస్తాడనుకున్నాను. చూడలేదు. వాళ్ల అమ్మను ఎన్నడూ అడగనిది అడిగాడు.

"అవ్వా, బాపు లెక్క నేను గూడ ఉరికిపోతననుకున్నవా?"

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. ఆమె గొంతులో కోపం నేను అదే మొదటిసారి వినడం.

"మీ బాపు ఉరికిపోలే. మన సాంచా పండ్ల చక్రం ఇరిగింది. ఊరంత తిరిగిండు, గసొంటిది దొరకలే. భీవండిల దొరుకుతదంటే పోయిండు. పండుగకు చక్రం పట్టుకొని వస్తనన్నడు."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. ఊరంతా ఉరికిపోయిండంటుంటే, చారెడు ఇనుప గేరు కోసం పోయిండని తానొక్కతే చెప్తే ఎవరు నమ్ముతారంది. లోలోపలే అనుకుని అనుకుని, చివరికి తనకే నమ్మకం సన్నగిల్లిందంది. ఆ సాంచాను చక్రం లేకుండానే చాలా ఏళ్లు ఉంచుకుందట, ఆయన వస్తే బిగిస్తాడని. తర్వాత ఇనుముకు అమ్మేసిందట. ఈ మాటలు చెప్తున్నంతసేపూ ఆమె కళ్లలో నీళ్లు లేవు. నాకే ఆగలేదు.

మా ఆయన లోపలికి వెళ్లాడు. చొక్కా దగ్గరికే వెళ్లాడు, నేను సగం లేచాను. జేబులోంచి ఫోన్ తీసుకుని వాకిట్లోకి వచ్చి, మా ఇద్దరి ముందే మేస్త్రీకి చేశాడు. అవతలి నుంచి గట్టిగా మాటలు వినిపించాయి. ఆయన అంతా విన్నాడు.

"అన్నా, నేను వస్తలేను. ఇంటికాడ పని ఉన్నది."

ఫోన్ పెట్టేశాడు. ముసురులో వీధి దీపం కింద ఎవరో గొడుగుతో నడిచిపోయారు. అత్తమ్మ మెట్టు మీది నుంచి తలెత్తి కొడుకును చూసింది.

"మల్లొక్కసారి అను బిడ్డా," అంది.

ఫోన్‌లో ఎవరూ లేరు. అయినా మా ఆయన వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుని, అదే మాట మళ్లీ అన్నాడు.